‘మిలట్రీ కోతలు’ అనే మాట వెనక

యుద్ధం గురించి జనరల్ రాస్తే చరిత్ర అంటారు. బ్రిగేడియర్ రాస్తే ఆత్మకథ అంటారు. మాలపల్లెలో అరుగు మీద కూచుని పాత సిపాయి చెబితే మాత్రం మిలట్రీ కోతలు అంటారు. ఈ మాట మన ఊళ్ళలో ఎంతగా పాతుకుపోయిందంటే, చెప్పే మనిషే సగంలో ఆపి "ఏదో, నా మిలట్రీ కోతలు లేరా" అని నవ్వేసి లేచిపోతాడు. వినేవాళ్ళు నమ్మరని ఆయనకు ముందే తెలుసు.

మన కథల్లోనూ సినిమాల్లోనూ మాజీ సైనికుడు తరచుగా రెండు రకాలుగానే కనిపిస్తాడు. మీసం మెలేసి, రమ్ము సీసా పక్కన పెట్టుకుని గొప్పలు చెప్పే మిలట్రీ మామయ్య ఒకడు. జెండా కింద ప్రాణం వదిలే వీరుడు ఇంకొకడు. మొదటివాణ్ణి చూసి నవ్వాలి. రెండోవాడికి దండం పెట్టాలి. ఇద్దరిలో ఎవరి మాటా కూచుని వినక్కర్లేదు.

ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఒకటే. యుద్ధానికి వెళ్ళొచ్చిన మనవాళ్ళ జ్ఞాపకాలను ఎట్లా చదవాలి? మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదలు. గవర్నమెంటు బళ్ళో సోషల్ చెబుతాను. రెండో ప్రపంచయుద్ధాన్ని పిల్లలకు పుస్తకంలోంచి చెబుతాను. అదే యుద్ధాన్ని చిన్నప్పుడు మా తాత నోట విన్నాను. పుస్తకంలో యుద్ధానికీ తాత చెప్పిన యుద్ధానికీ పోలికే లేదు. ఏది నిజం అని తగువు పెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఎవరి జ్ఞాపకానికి బలం వచ్చింది, ఆ బలం ఎక్కణ్ణించి వచ్చింది అని అడగాలి.

ముందు బలమున్న జ్ఞాపకం సంగతి చూద్దాం. లార్డ్ రాబర్ట్స్ అనే ఇంగ్లీషు జనరల్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం ఇండియా సైన్యానికి సర్వసేనాని. 1897లో ‘ఫార్టీ వన్ ఇయర్స్ ఇన్ ఇండియా’ అనే పెద్ద పుస్తకం వేశాడు. అదీ ఒక మాజీ సైనికుడి యుద్ధ జ్ఞాపకమే. మద్రాసు సిపాయి గురించి ఆయన చెప్పిన మాటల సారం ఇది: ఒకప్పుడు వీళ్ళు బాగానే పోరాడి ఉండొచ్చు, ఏళ్ళ తరబడి శాంతిగా ఉండేసరికి ఆ పౌరుషం చచ్చిపోయింది, వీళ్ళకు బదులు ఉత్తరాది ‘యుద్ధజాతుల’ వాళ్ళను తీసుకోవాలి. ఇదే మాట ఒక ముసలాయన అరుగు మీద అంటే నవ్వి ఊరుకునేవాళ్ళం. ఆయన సర్వసేనాని కాబట్టి అది సర్కారు విధానమైంది. మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ పోయారు. 1928 నాటికి మద్రాసు రెజిమెంటు అనేదే లేకుండా పోయింది. పలుగూ పారా పట్టే మద్రాసు సాపర్లను మాత్రం ఉంచారు. విచిత్రం ఏమంటే, ఉత్తరాదిలో సిపాయికి ‘తిలంగా’ అనే పేరు వచ్చిందే తెలుగు నేల నించి వెళ్ళిన తొలినాటి సిపాయిల వల్ల. పేరు అక్కడ మిగిలిపోయింది. మనుషులకు గేటు మూశారు.

మహారాష్ట్రలో మహర్లకూ ఇదే జరిగింది. కంపెనీ కాలం నించి సైన్యంలో ఉన్న కులాన్ని 1890ల్లో ‘యుద్ధజాతి కాదు’ అని బయటికి పంపారు. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి 1917లో మహర్ల పటాలం కట్టారు. యుద్ధం అయిపోయాక 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధం రాగానే 1941లో బెల్గాంలో మహార్ రెజిమెంటు పుట్టింది. మద్రాసు రెజిమెంటు కూడా ఆ యుద్ధంలోనే మళ్ళీ లేచింది. 1943లో చమార్ రెజిమెంటు కట్టారు, 1946లో తీసేశారు. కాన్పూరు తోళ్ళ ఫ్యాక్టరీల్లో సైన్యానికి బూట్లు కుట్టింది చమార్ల చేతులే. బూటు కుట్టడానికి అరవై ఏళ్ళుగా పనికొచ్చిన కులం ఆ బూటు తొడుక్కుని నిలబడటానికి మూడేళ్ళే పనికొచ్చింది! కరువొస్తే కూలికి పిలిచి, పంట ఇంటికొచ్చాక పొమ్మనే కామందుకూ ఈ సర్కారుకూ తేడా ఏముంది?

దీనికి ఎదురుగా మనవాళ్ళ జ్ఞాపకం ఏ రూపంలో వచ్చింది? అర్జీ రూపంలో వచ్చింది. సైన్యం నించి రిటైరైన గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో, మహర్లను మళ్ళీ సైన్యంలోకి తీసుకోమని అర్జీ రాశాడు. 1910లో శివరామ్ జాన్బా కాంబ్లే చొరవతో దక్కన్ మహర్లు లండన్‌లో ఉన్న ఇండియా మంత్రికి అర్జీ పెట్టుకున్నారు. మా పెద్దలు మీ కొలువు చేశారు, మీ కోసం చచ్చారు, గుర్తు చేసుకోండి అని వాళ్ళు చెప్పుకోవలసి వచ్చింది. రాబర్ట్స్ జ్ఞాపకం చేసుకుంటే అది ఉత్తర్వు. వలంగ్‌కర్ జ్ఞాపకం చేసుకుంటే అది మనవి. మన యుద్ధ సాహిత్యం అంటూ ఒకటి ఉంటే దాని మొదటి పేజీ ఆ అర్జీయే. దాన్ని సాహిత్యంగా ఎవరూ చదవలేదు.

పెద్ద అధికారుల పుస్తకాలన్నీ అబద్ధాలని నేనడం లేదు. బర్మాలో పద్నాలుగో సైన్యాన్ని నడిపిన స్లిమ్ 1956లో రాసిన ‘డిఫీట్ ఇన్‌టు విక్టరీ’లో తన ఓటమిని తనే ఒప్పుకున్నాడు. 1962లో చైనాకు ఖైదీగా చిక్కిన బ్రిగేడియర్ దళ్వీ ‘హిమాలయన్ బ్లండర్’లో పైవాళ్ళను దులిపేశాడు. ఇవి చదవదగ్గ పుస్తకాలే. కానీ ఈ పుస్తకాలు ఎంత నిజాయితీగా ఉన్నా కొండ మీద నిలబడి కింద లోయను చూసినట్టు ఉంటాయి. డివిజన్లు కదులుతాయి, బ్రిగేడ్లు వెనక్కొస్తాయి. ఆ దారి వేసినవాడు ఆ పూట ఏం తిన్నాడో, ఎవరి పక్కన కూచుని తిన్నాడో కనపడదు. మనకు కావలసింది అదే.

మా తాత ఇండియన్ పయనీర్ కోర్‌లో పనిచేశాడు. అస్సాం, మణిపూర్ మీదుగా బర్మా వైపు దారులు వేసిన, వంతెనలు కట్టిన, లారీల్లోంచి బాంబుపెట్టెలు దింపిన మనుషులు వాళ్ళు. ఆ కోర్‌లో మద్రాసు రాజధాని నించి వెళ్ళినవాళ్ళు చాలామంది. నేను పదో తరగతిలో ఉండగా తాత పోయాడు. యుద్ధం గురించి చెప్పమంటే తాత తిండి గురించి చెప్పేవాడు. ఎనామిల్ మగ్గులో డబ్బాపాల టీ గురించి, మలేరియా రాకుండా ఇచ్చిన పచ్చమాత్రలు మింగి మింగి ఒళ్ళంతా పసుపు రంగుకు తిరగడం గురించి, వానకు నానిన రగ్గు బరువు గురించి చెప్పేవాడు. బాంబులు పడలేదా తాతా అంటే, "పడ్డయ్యి అబ్బయ్యా. యుద్ధమన్నాక పడవా?" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు.

ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పిన కథలు రెండు. ఒకటి మగ్గు కథ. మా పక్క ఊరి కామందుల కుర్రాడు ఒకడు అక్కడ లారీ డ్రైవరు. ఒక రాత్రి వానలో లారీ బురదలో దిగబడితే తాత వాళ్ళ జట్టు దాన్ని పైకి లాగింది. ఆ కుర్రాడు చలికి వణుకుతా తాత మగ్గు అడిగి తీసుకుని టీ తాగాడు. యుద్ధం అయ్యాక అదే మనిషి ఊళ్ళో ఎదురుపడితే తాత పలకరించాడు. అతను చూపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. రెండోది బూట్ల కథ. మూడేళ్ళు కాలి నించి దిగని బూట్లు మా ఊరి రావిచెట్టు కాడ దిగినయ్యి. రెంటి తాళ్ళూ ముడేసి మెళ్ళో వేసుకుని, ఒంటి మీద ఖాకీతో, ఒట్టి కాళ్ళతో ఊరు దాటి పల్లెలోకి వచ్చాడు. "జపానోడు ఇప్పించలేకపొయ్యాడు. మనోళ్ళు ఇప్పించారు" అనేవాడు. నవ్వేవాడు కాదు.

ఒక సదస్సులో నేనీ సంగతులు చెబితే ఒక పెద్దమనిషి లేచి, "బాగానే ఉంది మాస్టారూ, ఇందులో యుద్ధమేదీ?" అన్నాడు. కంపెనీ నంబరేమిటి, ఏ తేదీన ఏ కొండ దగ్గర ఉన్నాడు అని అడిగాడు. ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. రష్యాలో యుద్ధం చేసిన ఆడవాళ్ళను వందలమందిని కలిసి వాళ్ళ జ్ఞాపకాలతో స్వెత్లానా అలెక్సీవిచ్ 1985లో పుస్తకం వేసింది. మగ సైజు బూట్ల గురించి, కత్తిరించేసిన జడల గురించి చెప్పుకున్నారు వాళ్ళు. అక్కడి సెన్సారు కూడా ఇందులో వీరత్వమేదీ అనే అడిగింది. 2015లో ఆ రచయిత్రికి నోబెల్ ఇచ్చారు. మన తాతలకు నోబెల్ ఇవ్వక్కర్లేదు. వాళ్ళు యుద్ధం చూసొచ్చి యుద్ధం గురించి చెప్పడం లేదనే మాట మానుకుంటే చాలు. మగ్గు కథలో యుద్ధం ఉంది. చావు పక్కన కూచున్నప్పుడు మాయమైన అంటు, ప్రాణం కుదుటపడగానే ఎట్లా తిరిగొచ్చిందో ఆ కథ చెబుతోంది. ఆ సంగతి ఏ జనరల్ పుస్తకంలో ఉంది?

ఇట్లా చదవడం మనకు నేర్పిన పుస్తకం ఒకటుంది. అంబేద్కర్ రాసిన ‘వీసా కోసం ఎదురుచూపు’. ఆయన తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో హెడ్మాస్టరు. ఆ చిన్న పుస్తకంలో మొదటి కథ 1901 నాటిది. రిటైరైన తండ్రి గోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన్ని చూడటానికి పిల్లలు సతారా నించి బయలుదేరారు. కొత్త బట్టలు వేసుకున్నారు, చేతిలో డబ్బుంది. మసూర్ స్టేషన్లో దిగారు. మహర్లమని చెప్పగానే స్టేషన్‌మాస్టరు మొహం మారిపోయింది. బండి కట్టేవాడు లేడు. చివరికి ఒకడు రెట్టింపు డబ్బు తీసుకుని, పిల్లలే బండి తోలుకుంటే పక్కన నడిచాడు. రాత్రంతా పిల్లలకు తాగేందుకు నీళ్ళు దొరకలేదు. ఈ కథను మనం అంటరానితనం కథగా చదువుతాం. మాజీ సైనికుడి కథగా చదివామా? సుబేదారు హోదా, ఇన్నేళ్ళ కొలువు, పింఛను, ఇవన్నీ కలిసి ఆయన కొడుక్కి ఒక లోటా నీళ్ళు తెచ్చిపెట్టలేకపోయాయి. తండ్రి చేసిన యుద్ధాల పేర్లు ఆ కథలో లేవు. అయినా సైనికుడి కొలువుకు ఊరు కట్టిన విలువ ఎంతో తెలియాలంటే అదే చదవాలి.

సైన్యం మనకిచ్చింది ఏమైనా ఉందంటే అది పలక. కంపెనీ సైన్యంలో సిపాయిల పిల్లలకూ చదువు ఉండేది. వలంగ్‌కర్ చేతికి కలం వచ్చింది అక్కడే, రామ్‌జీ మాస్టరయింది అక్కడే. రాబర్ట్స్ కాలంలో గేటు మూసినప్పుడు మూసింది బడి గేటు కూడా. మా తాత కాలానికి సిపాయిలకు హిందుస్తానీని ఇంగ్లీషు అక్షరాల్లో నేర్పేవాళ్ళు. తాత ఆ అక్షరాల్లో పేరు రాసేవాడు, చిన్న చిన్న మాటలు చదివేవాడు. తెలుగు మాత్రం రాదు. యుద్ధం తర్వాత బంజరు పట్టా కోసం ఒక ఆఫీసుకు వెళితే, సంతకం పెడతానని కలం అడిగాడట. అక్కడి గుమాస్తా సిరాదిండు ముందుకు తోసి "వేలిముద్ర వెయ్యి" అన్నాడు. పట్టా కాగితం వచ్చింది. పొలం రాలేదు. ఆ కాగితం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, తాత బొటనవేలి గుర్తుతో.

యుద్ధ జ్ఞాపకం సైనికుడి ఒక్కడిదే అనుకోవడం కూడా మగవాళ్ళ లెక్క. మా నాయనమ్మకు ఆ యుద్ధం అంటే మనియార్డరు, ఉత్తరం. క్యాంపులో తెలుగు వచ్చినవాడెవరో తాత చెబితే రాసిపెట్టేవాడు. దాన్ని సెన్సారు చూసేది. ఇక్కడికొచ్చాక ఒక పెద్దింటి అరుగు కింద నిలబడి చదివించుకోవాలి. చదివినందుకు ఆ పూట వాళ్ళ దొడ్లో పని చెయ్యాలి. "మీ తాత ఏం రాశాడో నాకేం తెలుసురా? ఆళ్ళు సదివిందే నాకు తెలుసు" అనేది నాయనమ్మ. 1941లోనే జాషువా ‘గబ్బిలం’ వచ్చింది. తన గోడు చేరవేయడానికి మనిషి దొరక్క గబ్బిలాన్ని వేడుకున్నాడు ఆ కావ్యంలో మనవాడు. దాన్ని క్లాసులో మేఘసందేశంతో పోల్చి చెప్పి సరిపెడతారు. మొగుడు బర్మాలో, తను అరుగు కింద, మధ్యలో ముగ్గురు పరాయివాళ్ళు. మా నాయనమ్మ పక్కన పెట్టి చదివితే ఆ పుస్తకం ఇంకోలాగా అర్థమవుతుంది.

ఈ బాధ మన ఒక్కళ్ళదే కాదు. అమెరికాలో వాలస్ టెరీ అనే నల్లజాతి విలేకరి వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన ఇరవై మంది నల్ల సైనికుల మాటలను వాళ్ళ నోటితోనే 1984లో ‘బ్లడ్స్’ పేరున పుస్తకం చేశాడు. అందులో గెలిచిన కొండల లెక్క కంటే ఇంటికొచ్చాక ఏమయిందన్నదే మనసును పట్టుకుంటుంది. ఆ ఇరవై మందిలో ఒకడు తిరిగొచ్చి బ్లాక్ పాంథర్స్‌లో చేరాడు. ఆ పాంథర్స్ పేరునే 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు. అంతకు ముందు, 1946 ఫిబ్రవరిలో, ఐజాక్ ఉడ్వర్డ్ అనే నల్ల సార్జెంటు సైన్యం నించి విడుదలై ఒంటి మీద యూనిఫారంతోనే బస్సులో ఇంటికెళుతుంటే సౌత్ కరొలైనాలో పోలీసులు కొట్టి రెండు కళ్ళూ పోగొట్టారు. తెల్ల జ్యూరీ నిందితుణ్ణి వదిలేసింది. అయినా ఆ కేసు దేశాన్ని కుదిపింది. 1948లో ట్రూమన్ సైన్యంలో జాతిభేదం రద్దుచేస్తూ ఉత్తర్వు ఇవ్వడానికి దారితీసిన వాటిలో అదొకటి. రావిచెట్టు కింద బూట్లు విప్పిన మనవాళ్ళ గురించి ఏ కోర్టులో ఏ కాగితం ఉంది? గాయం లేదు కాబట్టి కేసు లేదు. కేసు లేదు కాబట్టి చరిత్ర లేదు.

అట్లాగని మన వీరగాథలు మనం రాసుకుంటే సరిపోతుందా? ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాలి. 1818 జనవరి 1న కోరెగావ్‌లో పేష్వా సైన్యంతో జరిగిన పోరులో కంపెనీ తరఫున చచ్చిపోయినవాళ్ళ పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. వాళ్ళలో మహర్లు 22 మంది. 1927లో అంబేద్కర్ అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు. అప్పటినించీ అది మనకు యాత్రాస్థలం. 2018లో, రెండువందల ఏళ్ళ సభ నాడు, అక్కడికి వెళ్ళిన మనవాళ్ళ మీద దాడులు జరిగాయి. ఆ ఏడే ఆనంద్ తేల్‌తుంబ్డే ఈ కోరెగావ్ కథను మిథ్య అని విమర్శించాడు. కంపెనీ సిపాయిలు కులం మీద తిరుగుబాటు చేయడానికి వెళ్ళలేదు, కొలువు చేశారు అన్నాడు. చివరికి ఆ కోరెగావ్ పేరు మీద పెట్టిన కేసులోనే ఆయన 2020లో జైలుకు వెళ్ళాడు. రెండున్నరేళ్ళకు గానీ బెయిలు మీద బయటికి రాలేదు.

ఆయన మాటలో సగం నాకు నచ్చుతుంది. జీతానికి చేసిన యుద్ధాన్ని విముక్తి యుద్ధం అనలేం. కానీ ఊరి బయట చచ్చిన పశువును మోసే మనిషికి రాతి మీద పేరు చెక్కించుకోవడం అంటే ఏమిటో కూడా లెక్కలోకి తీసుకోవాలి. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ స్తంభం మీద 22 పేర్లున్నాయి, ఒక్క మాట లేదు. ఆ మనుషులు ఏమనుకున్నారో, భయపడ్డారో, ఎవరి మీద కాల్చామని బాధపడ్డారో మనకు తెలియదు. స్తంభానికి సందేహం ఉండదు. మా తాతకు ఉండేది. 1944లో కోహిమాలో కాలిపోయినవి నాగాల ఇళ్ళు. తాత అనేవాడు: "ఆళ్ళ ఊరు మన కోసం కాలిందో, మన వల్ల కాలిందో నాకు తెలవదురా. ఆళ్ళను ఎవరూ అడగలా." జెండా పండగ నాడు ఈ మాటకు చోటు లేదు. మన గర్వపు సభల్లోనూ చోటు లేకపోతే, ఇంకొకళ్ళ వాడ తగలబడినప్పుడు మనం మాట్లాడలేం.

బర్మా వెళ్ళొచ్చిన తరం దాదాపుగా వెళ్ళిపోయింది. 1971 యుద్ధం చేసినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. శ్రీలంక వెళ్ళినవాళ్ళు, 1999లో కార్గిల్ కొండలెక్కినవాళ్ళు మన పల్లెల్లోనే ఉన్నారు. బ్యాంకు ముందర తుపాకీ పట్టుకుని కూచున్న వాచ్‌మన్‌ను అడిగి చూడండి, ఎక్కడెక్కడ పనిచేశాడో. విద్యార్థి మిత్రులకు, సంఘాల్లో పనిచేసేవాళ్ళకు నా మనవి ఇది. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు మెడల్ చూపించమని మొదలుపెట్టకండి. లంగరుఖానాలో ఎవరి పక్కన కూచునేవాడివి పెద్దాయనా అని అడగండి. సెలవుకు ఊరొచ్చినప్పుడు హోటల్లో ఏ గ్లాసులో టీ ఇచ్చారని అడగండి. ఉత్తరం ఎవరు రాసిపెట్టారని అడగండి. ఎదుటివాడి మీద కాల్చినప్పుడు ఏమనిపించిందని, ఆయన చెప్పదలిస్తేనే, అడగండి. ఇంట్లో ఉన్న పెద్దమ్మను కూడా కూచోబెట్టి ఆమె యుద్ధం ఆమెను చెప్పమనండి.

తేదీలు తప్పు చెప్పొచ్చు. ఊళ్ళ పేర్లు కలగాపులగం కావొచ్చు. వాటిని తర్వాత సరిచూసుకోవచ్చు, అందుకు పుస్తకాలున్నాయి. వాళ్ళ మాటను మాత్రం వాళ్ళ మాటగానే, వాళ్ళ యాసలోనే రాసుకోండి. "ఏదో నా మిలట్రీ కోతలు" అని ఆయన లేవబోతే చెయ్యి పట్టుకుని కూచోబెట్టండి. వచ్చే ఏటికి వాయిదా వెయ్యకండి. ఈ ఆదివారమే వెళ్ళండి.